788 చెరువుల లెక్క

సెప్టెంబర్ 15 వచ్చిందంటే ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనైనా ఒకటే తంతు. తలపాగా పెట్టుకున్న పెద్దాయన ఫొటోకి దండ, కృష్ణరాజసాగర్ డ్యామ్ మీద ఒక పీపీటీ, చివర్లో టీ, బిస్కెట్లు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారంటే పెద్ద పెద్ద డ్యాములు కట్టిన మనిషి అని మనకి అలా ఫిక్స్ అయిపోయింది. కానీ ఆయన జీవితంలో మన హైదరాబాద్‌కి సంబంధించిన ముక్క ఒకటుంది. ఏడాది కూడా నిండని ముక్క. అందులో డ్యాముల కంటే ముందు చెరువులు వస్తాయి. అవీ కట్టలు తెగిపోయిన చెరువులు. ఆయన కథని ఈసారి ఆ వైపు నుంచి చెబుతాను.

ఎందుకో కూడా చెప్పేస్తా. నేను ఉండేది యాప్రాల్‌లో. ఇటు కాప్రా చెరువు, అటు నేరేడ్‌మెట్ వైపు ఆర్.కె.పురం చెరువు, ఇంకాస్త కిందికి వెళ్తే సఫిల్‌గూడ చెరువు. ఎండాకాలం వాటి పక్కనుంచి వెళ్ళాలంటే ముక్కు మూసుకోవాలి. గట్టి వాన పడితే వాటి కింద ఉన్న కాలనీల వాళ్ళకి నిద్ర ఉండదు. ఒకే చెరువు ఆర్నెల్లు కంపు, ఆర్నెల్లు ముంపు ఎలా అవుతుంది? ఈ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెడితే దారి నేరుగా 1908 మూసీ వరద దగ్గరికీ, అక్కణ్నుంచి ఆయన దగ్గరికీ తీసుకెళ్ళింది.

ఇంటిపేరు మన వైపుదే

విశ్వేశ్వరయ్య గారు పుట్టింది అప్పటి మైసూరు రాజ్యంలో, చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళి అనే ఊళ్ళో. ఇంటిపేరు మాత్రం మన వైపుది. ఆయన పూర్వీకులది ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం గ్రామం. అక్కణ్నుంచి వలస వెళ్ళిన తెలుగు కుటుంబం. తండ్రి శ్రీనివాసశాస్త్రి గారు సంస్కృత పండితులు. ఆయన చిన్నప్పుడే తండ్రి పోయారు. తల్లి వెంకటలక్ష్మమ్మ గారి పట్టుదల మీద చదువు సాగింది. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివే రోజుల్లో పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ ఖర్చులు గడుపుకున్నారు. తర్వాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద పుణె సైన్స్ కాలేజీలో ఇంజినీరింగ్ చేరి, 1883లో ఫస్ట్ ర్యాంకుతో బయటికొచ్చారు. 1884లో బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్ ఇంజినీరు. మన భాషలో చెప్పాలంటే క్యాంపస్ నుంచి డైరెక్ట్ ప్లేస్‌మెంట్.

అక్కడ ఆయన చేసిన పనుల లిస్టు చూస్తే నాకు ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. నీళ్ళు తేవడం, నీళ్ళు నిలపడం, వాడిన నీళ్ళని బయటికి పంపడం, ఈ మూడు పనులూ ఆయన చేతుల మీదుగా వెళ్ళాయి. 1890ల్లో సింధ్‌లోని సక్కర్ పట్టణానికి నీటి సరఫరా పని అప్పగించారు. సింధు నది నీళ్ళు బురదమయం. ఫిల్టర్ బెడ్లు కట్టాలంటే మున్సిపాలిటీ దగ్గర అంత డబ్బు లేదు. నది ఒడ్డునే బావి తవ్వి, ఇసుకలోంచి ఊరి వచ్చిన నీటిని తోడే ఏర్పాటు చేశారు. ఇసుకే ఫిల్టర్ అయింది. మన పల్లెల్లో వాగులో చెలమ తోడుకోవడం తెలిసినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. ఆయన దాన్ని పట్టణం సైజుకి పెంచారు.

తర్వాత పుణె దగ్గర ఖడక్‌వాస్లా. ఫైఫ్ చెరువు అనేవారు అప్పట్లో. ప్రతి ఏడూ వానల్లో నీళ్ళు అలుగు మీదుగా పొర్లి వృథాగా పోయేవి, ఎండాకాలం వచ్చేసరికి కొరత. కట్ట ఎత్తు పెంచకుండా నిల్వ పెంచడం ఎలా? అలుగు మీద ఆయన ఆటోమేటిక్ గేట్లు పెట్టారు. నీటిమట్టం సుమారు 8 అడుగులు పైకి నిలుస్తుంది, దాన్ని దాటితే గేట్లు వాటంతట అవే తెరుచుకుంటాయి, మట్టం తగ్గగానే మూసుకుంటాయి. మనిషి అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. 1903 నాటి ఆ డిజైన్‌కి పేటెంట్ ఉన్నా రాయల్టీ పుచ్చుకోలేదు. అదే తరహా గేట్లు తర్వాత గ్వాలియర్ దగ్గర తిగ్రా డ్యామ్‌కీ, కృష్ణరాజసాగర్‌కీ వెళ్ళాయి. 

ఆ గేట్లలో ఉన్న ఆలోచన మన ఊరి చెరువు అలుగులో ఉన్నదే. చెరువుకి ఎంత నిండాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆగి వదిలేయాలో తెలియడం అంతే ముఖ్యం. తెలంగాణలో అలుగుని మత్తడి అని కూడా అంటాం. చెరువు మత్తడి దూకింది అంటే ఊరంతా పండగ. కట్ట తెగింది అంటే ఊరంతా ఏడుపు. రెండింటికీ మధ్య తేడా ఆ రాతి గోడ వెడల్పు, అది శుభ్రంగా ఉందా లేదా అన్నది.

తర్వాత ఆయన బొంబాయి ప్రభుత్వానికి శానిటరీ ఇంజినీరుగా పనిచేశారు. పట్టణాల నీటి సరఫరా, మురుగు కాలువలు ఆ ఉద్యోగంలో భాగం. 1906లో ఏడెన్ రేవుకి వెళ్ళి అక్కడి నీళ్ళ గురించీ మురుగు గురించీ సలహా ఇచ్చి వచ్చారు. ఈ అనుభవాన్ని గుర్తుపెట్టుకోండి, హైదరాబాద్‌లో పనికొస్తుంది. వరదని ఆపడానికి పిలిచిన మనిషి మురుగు గురించి కూడా ఎందుకు మాట్లాడాడు అంటే జవాబు ఇక్కడే ఉంది.

1908 సెప్టెంబర్ 28

ఆ సెప్టెంబర్ చివరి వారంలో మూసీ పరీవాహకం మీద కుండపోత వాన. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు పడింది. సెంటీమీటర్లలో చెప్పాలంటే ఒక్క రోజులో 32న్నర, రెండు రోజుల్లో 48. సెప్టెంబర్ 28న మూసీ నగరం మీద పడింది. చనిపోయినవాళ్ళు సుమారు 15 వేల మంది అంటారు, కూలిపోయిన ఇళ్ళు 19 వేలు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మందికి పైగా బతికారని చెబుతారు. ఎప్పుడైనా అఫ్జల్‌గంజ్ వెళ్తే ఆ చెట్టు చూడండి.

అప్పటి పాలకుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. అప్పటికే విశ్వేశ్వరయ్య గారు బొంబాయి ఉద్యోగం వదిలి విదేశాల్లో తిరుగుతున్నారు, అక్కడి పనులు చూడటానికి. నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిపించింది. 1909 ఏప్రిల్‌లో హైదరాబాద్ వచ్చి పనిలో దిగారు. రెండు బాధ్యతలు. ఒకటి, ఇలాంటి వరద మళ్ళీ నగరం మీద పడకుండా పథకం వెయ్యడం. రెండు, నగరానికి డ్రైనేజీ ప్లాన్ తయారు చెయ్యడం.

మనమైతే ఏం చేస్తాం? నగరంలో నది ఎంత వెడల్పుంది, గోడ ఎంత ఎత్తు కట్టాలి అని మొదలుపెడతాం. ఆయన నగరాన్ని వదిలి పైకి వెళ్ళారు. నీళ్ళు ఎక్కడ పడ్డాయి, ఎక్కడ ఆగాలి, ఎందుకు ఆగలేదు అన్నది ఆయన ప్రశ్న. నిజాం రాజ్యంలో ఉన్న వర్షపాతం లెక్కలు చాలక చుట్టుపక్కల ప్రాంతాల లెక్కలు కూడా తెప్పించుకున్నారు. నగరానికి ఎగువన మూసీ, ఈసీ రెండు నదుల పరీవాహకం 862 చదరపు మైళ్ళు అని తేలింది. ఆ 862 చదరపు మైళ్ళలో ఎన్ని చెరువులున్నాయో లెక్క తీశారు. 788.

అంటే దాదాపు ప్రతి చదరపు మైలుకీ ఒక చెరువు. ఎవరు కట్టారో పేర్లు కూడా మిగలని చెరువులు. ఒకటి నిండితే దాని మత్తడి నీళ్ళు కింది చెరువులోకి, అది నిండితే ఇంకా కిందికి. గొలుసుకట్టు చెరువులు అంటాం కదా, అవే.

ఆ 788లో 221 చెరువుల కట్టలు ఆ వానకి తెగాయి. ఈసీ వైపు 182, మూసీ వైపు 39. వందకి 28 చెరువులు. నగరం దగ్గర మూసీలో వరద తారస్థాయిలో 4,25,000 క్యూసెక్కులకి చేరిందని అంచనా కట్టారు.

ఒక చిన్న లెక్క చేద్దాం

మన హైడ్రాలజీ సబ్జెక్ట్‌లో వచ్చే లెక్కే ఇది. ఒక చదరపు మైలు నేల మీద ఒక అంగుళం వాన పడితే సుమారు 23 లక్షల ఘనపుటడుగుల నీళ్ళు. 12.8 అంగుళాలు పడితే దాదాపు 2 కోట్ల 97 లక్షల ఘనపుటడుగులు. భూమిలోకి ఏమీ ఇంకలేదనుకుందాం, ఎందుకంటే అప్పటికే నేల నానిపోయి ఉంది. ఇదంతా 24 గంటల్లో సమానంగా వచ్చిందనుకున్నా, చదరపు మైలుకి సెకనుకి 344 ఘనపుటడుగులు. కానీ వాన సమానంగా పడదు కదా, రెండు మూడు గంటల్లో విరుచుకుపడుతుంది. కాబట్టి అసలు ప్రవాహం దీనికి కొన్ని రెట్లు ఉంటుంది. దానికి పైనున్న చెరువు మత్తడి నీళ్ళు కలపండి. ఒకవేళ పైచెరువు కట్టే తెగితే, అందులో నెలల తరబడి దాచిన నీళ్ళు గంటలో వచ్చి పడతాయి. కింది చెరువు మత్తడి ఆ ప్రవాహాన్ని దాటించలేకపోతే నీళ్ళు కట్ట మీదుగా పొర్లుతాయి. మట్టికట్ట మీదుగా నీళ్ళు పొర్లాయంటే ఇక ఆ కట్ట ఉండదు. వెనక వాలు కోసుకుపోయి గండి పడుతుంది. ఆ గండి నీళ్ళు మూడో చెరువు మీద పడతాయి. చీట్లపేకలతో కట్టిన మేడలో కింది పేక లాగినట్టు.

ఇక్కడ ఒక వాదన వస్తుంది. చెరువులే వరదకి కారణం కదా, అవి లేకపోతే తెగేవి కావు కదా అని. నేను కూడా కాసేపు అక్కడే ఆగాను. కానీ తెగకుండా నిలిచిన 567 చెరువుల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. నిలిచిన ప్రతి చెరువూ కొంత నీటిని పట్టుకుంది, మిగతాదాన్ని మెల్లగా వదిలింది. తెగిన ప్రతి చెరువూ వరదకి కలిసింది. అంటే చెరువు ఒకే వస్తువు కాదు. ఆరోగ్యంగా ఉంటే అది వరదకి బ్రేకు, జబ్బుపడితే వరదకి యాక్సిలరేటర్. మధ్యస్థంగా ఏమీ ఉండదు. నేను యాప్రాల్‌లో మొదలుపెట్టిన ప్రశ్నకి సగం జవాబు ఇది.

రెండు సాగర్లు, రెండు మురుగు కాలువలు

1909 అక్టోబర్‌లో ఆయన రిపోర్టు ఇచ్చారు. ఇంత వానని చిన్న చెరువుల మీదే వదిలెయ్యలేం, నగరానికి ఎగువన రెండు నదుల మీదా రెండు పెద్ద జలాశయాలు కట్టి వరదని అక్కడ పట్టుకుని మెల్లగా వదలాలి అన్నది సారాంశం. ఆ ఆలోచనే తర్వాత మూసీ మీద ఉస్మాన్ సాగర్‌గా 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్‌గా 1927లో పూర్తయింది. మనం గండిపేట నీళ్ళు అని గొప్పగా చెప్పుకునే నీళ్ళు అసలు వరదని ఆపడానికి పుట్టిన ఆలోచనలోంచి వచ్చాయి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ రెండూ విశ్వేశ్వరయ్య గారే కట్టారు అని చాలా చోట్ల రాస్తారు. పథకం ఆయనది. రిపోర్టు ఇచ్చిన కొన్నాళ్ళకే ఆయన మైసూరు వెళ్ళిపోయారు. కట్టింది ఇక్కడి ఇంజినీర్లు, కూలీలు. వాళ్ళలో పెద్ద పేరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ గారిది. 1877 జూలై 11న పుట్టిన హైదరాబాదీ. నిజాంసాగర్ కూడా ఆయన హయాంలోదే. తెలంగాణలో జూలై 11ని ఇంజినీర్ల దినంగా జరుపుకునేది ఆయన పేరు మీదే. ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన పెట్టుకోవడంలో మనకి నష్టమేమీ లేదు.

రిపోర్టులో రెండో సగం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. డ్రైనేజీ. అప్పటి నగరంలో మురుగు తెరిచిన కాలువల్లో పారి ఎటు పల్లముంటే అటు వెళ్ళి చివరికి మూసీలో కలిసేది. నదికి రెండు ఒడ్డులా పెద్ద మురుగు కాలువలు వేసి, నగరం మురుగు నదిలోకి దిగకముందే పట్టుకుని, నగరం దాటించి దిగువకి తీసుకెళ్ళాలన్నది ఆయన ప్లాన్. అంబర్‌పేట దగ్గర ఆ మురుగుతో పంటలు పండించే క్షేత్రం కూడా అందులో భాగం. నది ఒడ్డులు ఎత్తు చేసి, పార్కులు, నడిచే దారులు వెయ్యాలన్నది కూడా ఉంది. ఈ డ్రైనేజీ పనికోసం ఆయన 1920ల్లో, ఆ తర్వాత కూడా మళ్ళీ మళ్ళీ హైదరాబాద్ వచ్చారు. ఇప్పుడు అదే అంబర్‌పేటలో రోజుకి 339 మిలియన్ లీటర్ల మురుగుని శుద్ధి చేసే ప్లాంట్ ఉంది.

ఆ ప్లాన్‌లో వరుస చూడండి. ముందు ఎగువన నీళ్ళని పట్టుకోవడం. తర్వాత మురుగుని వేరు చెయ్యడం. ఆ తర్వాతే ఒడ్డున పార్కు.

మిగతా జీవితం

తర్వాతి కథ మీకు తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. 1909 నవంబర్‌లో మైసూరు చీఫ్ ఇంజినీరు. 1911లో కావేరి మీద కృష్ణరాజసాగర్ పని మొదలు. 1912లో మైసూరు దివాన్. ఆ ఆరేళ్ళలో మైసూరు బ్యాంకు, మైసూరు యూనివర్సిటీ, బెంగళూరులో ఇంజినీరింగ్ కాలేజీ. దివాన్ పదవి వదిలేశాక భద్రావతి ఇనుప కర్మాగారం బాధ్యత నెత్తికెత్తుకున్నారు. 1955లో భారతరత్న. నూరేళ్ళు దాటి బతికి 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఖైరతాబాద్‌లో ఇంజినీర్ల సంస్థ భవనానికి ఆయన పేరే ఉంది.

ఆయన్ని దేవుణ్ని చెయ్యడం నాకు ఇష్టం లేదు. ఆయన నమ్మకం పెద్ద ప్రాజెక్టుల మీద, పరిశ్రమల మీద. చిన్న చెరువుని ఊరివాళ్ళు ఎలా కాపాడుకోవాలి అన్నది ఆయన జీవితంలో పెద్ద పని కాలేదు. నిజాం కాలంలోనూ, అంతకు ముందూ ఆ పని నీరటి చేసేవాడు. తూము తియ్యడం, మూయడం, కట్ట మీద ఎలుక బొక్క కనిపించినా ఊరికి చెప్పడం ఆయన డ్యూటీ. ఊళ్ళో అందరూ కలిసి ఎండాకాలం పూడిక మట్టి పొలాలకి తోలుకునేవాళ్ళు. విశ్వేశ్వరయ్య గారి లెక్క, నీరటి చూపు రెండూ కలిస్తేనే చెరువు బతుకుతుంది. మనకి ఇప్పుడు రెండూ కరువయ్యాయి.

మళ్ళీ అదే వాన

2020 అక్టోబర్ 13, 14 తేదీల వాన మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోనే ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. పైన శంషాబాద్ లెక్క మళ్ళీ చూడండి, 32న్నర. 112 ఏళ్ళ తర్వాత దాదాపు అదే వాన. ఆ నెలలోనే పాతబస్తీ వైపు పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగాయి, ప్రాణాలు పోయాయి. 1908లో కట్ట తెగితే నీళ్ళు ముందు పొలాల మీద పడేవి. ఇప్పుడు కట్ట కిందే ఇళ్ళు.

మా వైపు చెరువులు కూడా గొలుసే. సఫిల్‌గూడ చెరువుకి అసలు పేరు నడిమి చెరువు. పేరులోనే ఉంది, పైన ఒకటి, కింద ఒకటి ఉంటే కదా ఇది నడిమిది అయ్యేది. పైన ఆర్.కె.పురం చెరువు, కింద మల్కాజిగిరి బండ చెరువు. ఈ నీళ్ళు కూడా తిరిగి తిరిగి చివరికి మూసీలోకే. గొలుసులో కొక్కేలు ఇప్పటికీ ఉన్నాయి, కొక్కేల మధ్య ఉన్న నాలాలే సన్నబడ్డాయి. పొలం ఉన్నప్పుడు పడిన వానలో చాలా భాగం ఇంకేది. ఇప్పుడు అదే చోట సిమెంటు రోడ్డు, అపార్ట్‌మెంటు, పార్కింగ్ టైల్స్. పడిందంతా పారుతుంది, అదీ త్వరగా. చెరువులోకి వచ్చే నీళ్ళు పెరిగాయి, చెరువు లోతు పూడికతో తగ్గింది, మత్తడి దిగువ నాలా ఇరుకైంది. ముంపుకి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

కంపు సంగతి. వాన ఉన్నది మూడు నాలుగు నెలలే. మురుగు మాత్రం 12 నెలలూ వస్తుంది. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని తినే బ్యాక్టీరియా నీళ్ళలోని ఆక్సిజన్ అంతా వాడేస్తుంది. చేపలు బతకాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండాలి. అది పడిపోతే చేపలు తెల్లారేసరికి తేలుతాయి. మురుగుతో వచ్చే నైట్రోజన్, ఫాస్ఫరస్ గుర్రపుడెక్కకి ఎరువు. అది పైనంతా దుప్పటిలా కప్పేస్తే ఎండ లోపలికి పోదు, గాలి కలవదు. అదే కుళ్ళి అడుగున పడితే మళ్ళీ పూడిక, మళ్ళీ కంపు, పైన దోమలు. అంటే కంపు, ముంపు రెండు జబ్బులు కావు. వాన నీటికీ మురుగుకీ ఒకే దారి చేసినందుకు వచ్చిన ఒకే జబ్బు.

వరుస తప్పితే

ఇప్పుడు చెరువుల సుందరీకరణ అనే మాట తరచూ వింటున్నాం. వాకింగ్ ట్రాక్, రంగుల లైట్లు, ఫౌంటెన్. నాకు ట్రాక్ మీద కోపం లేదు, మనుషులు చెరువు దగ్గరికి వస్తేనే దాని బాగోగులు పట్టించుకుంటారు. కానీ వరుస ముఖ్యం.

మొదట మురుగు ఆపాలి. ఇక్కడో చిక్కుంది. మురుగుని పూర్తిగా పక్కకి మళ్ళిస్తే ఎండాకాలం చెరువు ఎండిపోతుంది, ఎందుకంటే ఆ టైంలో దానికి వేరే నీళ్ళు రావు. అందుకే చెరువు గట్టునే చిన్న శుద్ధి ప్లాంట్ పెట్టి, కొంత నీటిని శుభ్రం చేసి తిరిగి చెరువులోకి వదలాలి. సఫిల్‌గూడలో 2000ల్లోనే మురుగు మళ్ళించి ఇలాంటి ప్లాంట్ పెట్టారు. ప్లాంట్ కట్టడం ఒక్కసారి ఖర్చు, నడపడం రోజూ ఖర్చు. మరమ్మతు కథలన్నీ ఆగిపోయేది ఆ రెండో ఖర్చు దగ్గరే.

రెండోది, వాన నీళ్ళు లోపలికి వచ్చే కాలువ, బయటికి వెళ్ళే మత్తడి, నాలా. మత్తడి ఎత్తు పెంచి నీళ్ళు ఎక్కువ నింపుదామనుకున్నా, తగ్గించి శిఖం భూమి ఖాళీ చేద్దామనుకున్నా రెండూ ప్రమాదమే.

మూడోది కట్ట. కట్ట మీద పెద్ద చెట్లు అందంగా ఉంటాయి. కానీ చెట్టు చచ్చి వేళ్ళు కుళ్ళితే కట్ట లోపల సొరంగాలు ఏర్పడతాయి, నీళ్ళు వాటిలోంచి దారి వెతుక్కుంటాయి.

నాలుగోది పూడిక. ఊళ్ళలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మట్టిని రైతులు పొలాలకి తోలుకున్నారు, అది బలమైన మట్టి. నగరం చెరువు పూడికలో మాత్రం సీసం, క్రోమియం లాంటి లోహాలు ఉండొచ్చు. ల్యాబ్‌లో పరీక్ష చెయ్యకుండా పొలాల్లో పొయ్యకూడదు. అలాగని చెరువంతా గిన్నెలా లోతుగా తవ్వెయ్యకూడదు కూడా. అడుగున ఉన్న బంకమట్టి పొర పోతే నీళ్ళు నిలవవు, అంచుల్లో లోతు తక్కువ చోటు లేకపోతే జమ్ము ఉండదు, పక్షులు దిగవు.

ఐదోది వాకింగ్ ట్రాక్.

పెద్ద జలాశయాలకి కూడా ఇదే వర్తిస్తుంది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు, పెద్ద కట్టడాలు రాకుండా 1996లో జీవో 111 వచ్చింది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. ఆ 788 చెరువుల్లో మిగిలినవాటిలో కొన్ని ఉన్నది కూడా అక్కడే. అక్కడి నేల సిమెంటుగా మారితే పైన మనం చేసిన లెక్కలో ఏ అంకె మారుతుందో మీకే తెలుసు.

విశ్వేశ్వరయ్య గారి దగ్గర శాటిలైట్ ఫొటోలు లేవు, ఎక్సెల్ లేదు. అయినా 862 చదరపు మైళ్ళలో ఎన్ని చెరువులున్నాయో, ఎన్ని తెగాయో, ఏ నది వైపు ఎన్నో ఆరు నెలల్లో లెక్క తేలింది. మన సర్వే ల్యాబ్‌లో టోటల్ స్టేషన్ ఉంది, ఫోన్‌లో మ్యాపులున్నాయి. ఆర్.కె.పురం నుంచి బండ చెరువు దాకా మూడు చెరువులు, మధ్యలో నాలాలు. ప్రతి చెరువుకీ మత్తడి వెడల్పెంత, దాని దిగువ నాలా వెడల్పెంత, ఎన్ని చోట్ల మురుగు పైపు కలుస్తోంది, కట్ట మీద ఎక్కడ నీళ్ళు ఊరుతున్నాయి. నాలుగు కాలమ్‌లు చాలు. కెమిస్ట్రీ ల్యాబ్ వాళ్ళు ఆక్సిజన్ కొలిస్తే ఐదోది. సివిల్ వాళ్ళే రావాలని లేదు, లెక్కపెట్టడం వస్తే చాలు. వచ్చేవాళ్ళు క్లబ్ గ్రూప్‌లో పేరు పెట్టండి. వానలు మొదలవ్వక ముందే వెళ్దాం, మత్తడి మీద చెత్త కనిపించేది అప్పుడే.